పురుగు, పత్తి, పెట్రోలు: గిటారు మీది పూత చెప్పే చరిత్ర

పోయిన శుక్రవారం స్ప్రే గన్ గురించి రాసిన పోస్టు కింద ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, 1960ల నాటి ఎలక్ట్రిక్ గిటారు రంగు పగిలి, పెచ్చులూడి ఉన్నా లక్షలకు లక్షలు పెట్టి కొంటున్నరు. అద్దం లెక్క మెరిసే కొత్తదానికి ఆ రేటు లేదు. ఎందుకు?" కామెంట్‌లో రెండు లైన్లు రాస్తే ఒడిసే ముచ్చట కాదిది. అందుకే ఈ పెద్ద పోస్టు. చాయ్ పెట్టుకొని చదవండి.

నాకు గిటారు వాయించరాదు. కానీ ఖతార్‌లో పదకొండేండ్లుగా తలుపుల మీద, అల్మారాల మీద, హోటల్ ఫర్నిచర్ మీద లాకర్, పీయూ కొడుతున్న. గిటారు కూడా చెక్కే, దాని మీది పూత కూడా మాలాంటోళ్ల పనే. ఆ పూత చరిత్రలో మూడు కాలాలు ఉన్నాయి. మొదటిది పురుగుది, రెండోది పత్తిది, మూడోది పెట్రోలుది.

ముందు పురుగు. లాకర్ అనే ఇంగ్లిష్ మాట పుట్టింది మన దిక్కే. సంస్కృతంలో లాక్ష, మన నోట లక్క. ఆ మాట పోర్చుగీసు వాళ్ల ద్వారా యూరప్ చేరి లాకర్ అయింది. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే జిగురు గూడే లక్క. చైనా, జపాన్ వాళ్ల లాకర్ వేరే, అది చెట్టు పాల నుంచి వస్తుంది. భారతంలో వారణావతంలో పాండవుల కోసం కట్టించిన లక్క ఇల్లు గుర్తుంది గదా? లక్క ఎంత తొందరగా అంటుకుంటదో మనోళ్లకు అప్పటికే తెలుసు.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో, వరాహ నది ఒడ్డున, ఇప్పటికీ ఈ పని చూడొచ్చు. అంకుడు కర్రను తిరగలి మిషన్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి చెక్కను పట్టుకుంటది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. బ్రష్ లేదు, గన్ లేదు, థిన్నర్ లేదు. అదే లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పొర మీద పొర రుద్దితే ఫ్రెంచ్ పాలిష్. 19వ శతాబ్దంలో యూరప్ గిటార్లకు మంచి మెరుపు ఇచ్చింది ఇదే. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేట్లు కూడా లక్కతోనే చేసేవాళ్లు. అంటే ఆ రోజుల్లో పాట వాయించిన చెక్క మీదా, పాటను దాచిన ప్లేటులోనూ ఉన్నది మన పురుగే.

రెండోది పత్తి. 1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త పత్తిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో కలిపి నైట్రోసెల్యులోజ్ చేశాడు. చూస్తే మామూలు దూది, అగ్గి తగిలితే బారుమందు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ దీన్ని గుట్టలు గుట్టలుగా తయారుచేసింది. యుద్ధం అయిపోయాక ఆ సరుకునే రంగుగా మార్చింది. దాని పేరు డ్యూకో. 1923లో జనరల్ మోటార్స్ తన ఓక్లాండ్ కార్లకు వాడింది. అంతకుముందు కారుకు రంగు వేసి ఆరబెట్టాలంటే వారాలు పట్టేది. డ్యూకోతో అది రోజుల పని అయింది. స్ప్రే గన్ మన చేతికి వచ్చిన కాలం కూడా ఇదే.

గిటారు కంపెనీలు ఈ నైట్రో లాకర్‌నే పట్టుకున్నాయి. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్ 1950లో ఎలక్ట్రిక్ గిటార్లు అమ్మకానికి పెట్టి, 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చాడు. వేరే రంగు కావాలంటే 5 శాతం ఎక్కువ కట్టాలి. ఆ రంగులు కార్ల డబ్బాల్లోవే. ఫియెస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ రంగు. లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్‌ది. సర్ఫ్ గ్రీన్ షెవర్లేది. జనం రోడ్డు మీద ఏ రంగు చూసి ఆశపడ్డారో అదే రంగు గిటారు మీదికి వచ్చింది.

నైట్రోకు ఒక గుణం ఉంది. అది ఎన్నడూ పూర్తిగా నిద్రపోదు. ఏండ్లు గడిచేకొద్దీ పచ్చబడుతది, పలచబడుతది, చలికీ వేడికీ సన్నగా బీటలిస్తది. అందుకే పాత తెల్ల ఫెండర్ మీగడ రంగుకు వచ్చింది, నీలం మీది పై కోటు పచ్చబడి అది ఆకుపచ్చలోకి తిరిగింది. గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 దాకా చేసిన లెస్ పాల్ గిటార్లలో ఎర్ర అద్దకం వెలుతురుకు ఆగలేదు. షాపు అద్దాల వెనక వేలాడినవి తేనె రంగుకు, నిమ్మ రంగుకు దిగిపోయాయి. అప్పుడు అది లోపం. ఇప్పుడు వేలంలో అదే అందం.

ఇక్కడ మా ఊరి ముచ్చట చెప్పాలి. మాది నిర్మల్ దిక్కు. మా దగ్గర బొమ్మలు పొనికి కర్రతో చేస్తారు. చింతగింజల జిగురు, రంపపు పొట్టుతో అతుకులు పెట్టి, లప్పం రుద్ది, రంగులు వేస్తారు. పాతకాలంలో ఆకు రంగులు, మట్టి రంగులు ఉండేవి. తర్వాత డ్యూకో రంగులు వచ్చాయి. అంటే ఫెండర్ గిటారుకూ మా నిర్మల్ బొమ్మకూ మెరుపు ఇచ్చింది ఒకే జాతి డబ్బా! హైదరాబాద్‌లో వడ్రంగులు ఇప్పటికీ మెరిసే తలుపు కావాలంటే "డ్యూకో కొట్టించండి" అంటారు, డబ్బాలో ఉన్నది పీయూ అయినా సరే. సరుకు పేరు పని పేరు అయిపోయింది.

మూడోది పెట్రోలు. 1965 జనవరిలో సీబీఎస్ అనే పెద్ద సంస్థ ఫెండర్‌ను 1.3 కోట్ల డాలర్లకు కొన్నది. 1968 నుంచి నైట్రో పోయి పాలియెస్టర్ పూత వచ్చింది. కారణం మా పనోళ్లకు తొందరగా అర్థమైతది. నైట్రో అంటే పలచని కోట్లు మస్తు కొట్టాలి, మధ్యలో ఆరబెట్టాలి, నీళ్ల పేపర్ రుద్దాలి, మళ్లీ కొట్టాలి. పాలియెస్టర్ అయితే రెండు మూడు కోట్లకే మందం వస్తది, గట్టిపడుతది, తొందరగా గీతలు పడవు, నైట్రో అంత పచ్చబడదు. తర్వాత కాలిఫోర్నియా గాలి కాలుష్య నియమాలు థిన్నర్ ఎక్కువ ఎగిరే నైట్రోను ఇంకా కష్టం చేశాయి. ఒక చిన్న గుర్తు చెప్తా. గిటారు తల మీది కంపెనీ స్టిక్కర్ పాలియెస్టర్‌తో పడక, అక్కడ మాత్రం కొన్నేండ్లు నైట్రోనే కొట్టేవాళ్లు. అందుకే ఆ కాలం గిటార్లలో తల పచ్చగా, మెడ తెల్లగా కనబడుతది.

మరి నైట్రో గిటారు నిజంగానే బాగా మోగుతదా? "నైట్రో ఊపిరి పీలుస్తది" అని కొందరు అంటారు. ఏ పూతా ఊపిరి పీల్చదు. అసలు సంగతి మందం. లోపల బోలుగా ఉన్న వాయిద్యానికి మందమైన పూత బరువే. ఇక్కడ అరబ్బులు వాయించే ఊద్ చూడండి, దాని ముందు పలకకు చాలాసార్లు పూతే వేయరు. కానీ నిండు చెక్క ఎలక్ట్రిక్ గిటారులో తీగ ఊపును పట్టేది అయస్కాంతం. అక్కడ పూత తేడా చాలా చిన్నది, దాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఖతార్‌కు కూడా తన పూత ఉంది. ముత్యాల వేట కాలంలో ఇక్కడి పడవలకు మలబారు టేకు వచ్చేది. చెక్కకు సొరచేప నూనె పూసేవాళ్లు, నీళ్లలో మునిగే భాగానికి సున్నం, జంతువుల కొవ్వు కలిపి రుద్దేవాళ్లు. ఎక్కడి మనిషికి ఏది దొరికితే దానితోనే చెక్కను కాపాడుకున్నాడు. ఇప్పుడు ఇదే నేల కింది గ్యాసు, చమురు ప్రపంచానికి ప్లాస్టిక్ పూతల ముడిసరుకు ఇస్తున్నాయి.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తా. 1990ల నుంచి ఫెండర్ రెలిక్ పేరుతో కొత్త గిటారునే కావాలని గీకి, పగలగొట్టి, తుప్పు పట్టించి ఎక్కువ రేటుకు అమ్ముతున్నది. జనం పాత గీతల్లో ఒక మనిషి చేయి తగిలిన గుర్తును కొంటున్నారు. నేను లోగడ పనిచేసిన ఒక చోట, మోసేటప్పుడు తలుపు మీద వెంట్రుకంత గీత పడితే పెయింటర్ల జీతంలో కోసేవాళ్లు. అక్కడ మనిషి చేయి తగిలిందని కనబడితే నష్టం. గీత ఒకటే, దాని రేటు మాత్రం ఎవరి వస్తువు మీద పడిందో దాన్ని బట్టి ఉంటది.

పూత కొట్టినవాడి ఊపిరితిత్తుల మీద పడిన గీతకు ఏ వేలంలోనూ రేటు లేదు. నైట్రో కాలంలో భయం అగ్గి, థిన్నర్ ఆవిరి. రెండు డబ్బాల పీయూలో హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఒకసారి పడకపోతే జీవితాంతం ఆస్తమా మిగలొచ్చు. బట్ట మాస్కు, దుమ్ము మాస్కు వాటిని ఆపవు. వాసన రాలేదంటే లేదని కాదు. కార్ట్రిడ్జ్ మాస్కు అడగండి, దాన్ని టైముకు మార్చమని అడగండి. వీలైతే బయటి గాలి పైపు మాస్కు ఇంకా మంచిది. ఆగస్టు రాత్రుల తేమకు పూత తెల్లబారుతదని తలుపులు మూసి కొట్టమంటే, ముందు ఫ్యాన్ సంగతి అడగండి.

అన్నీ పెట్రోలు దిక్కే పోతున్నాయనీ కాదు. ఏటికొప్పాకలో రసాయన రంగులు వచ్చిపడ్డాక, సి.వి. రాజు గారు ఆకులు, గింజలు, వేర్ల రంగులను తిరిగి లక్కలో కలిపే పని పట్టుకున్నారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు ఏ పూత ఉండాలన్న ప్రశ్న అది. కొట్టేవాడి ముక్కులోకి ఏది పోవాలన్న ప్రశ్న కూడా అదే.

మన గ్రూపులో నిర్మల్, ఏటికొప్పాక, కొండపల్లి దిక్కోళ్లు ఉంటే చెప్పండి. మీ తాతలు ఏ పూత వేసేవాళ్లు, దాన్ని ఏమని పిలిచేవాళ్లు? పేర్లు రాసి పెట్టుకుందాం. ఇక్కడ స్ప్రే పనిచేసే తమ్ముళ్లు మీ దగ్గర ఏ మాస్కు ఇస్తున్నారో ఫొటో పెట్టండి, కార్ట్రిడ్జ్ నంబర్ చూసి ఏది దేనికి పనికొస్తదో చెప్తా.