తొలిరోజు లెక్క

మొదటి రోజు వసూళ్లు ఎంత బాగున్నా, రెండో వారం హాల్లో జనం ఉంటేనే బొమ్మ ఆడినట్టు. ఫిల్మ్ నగర్‌కి కొట్టినపిండి అయిన ఈ లెక్కతోనే కృష్ణా గోదావరి బేసిన్‌లోని చమురు, గ్యాస్ బావుల చరిత్రనూ చూడాలని నా వాదన. బావి తవ్వగానే చెప్పిన అంకెను పండగ చేసుకున్నాం, పదేళ్ల తర్వాత అదే బావి ఇచ్చిందెంతో అడగలేదు. పరీక్ష జరిగే తీరు చూస్తే ఈ తేడా ఎందుకో తెలుస్తుంది. బావి నోటికి బిగించిన వాల్వుల గుత్తిలో చోక్ అనే సన్నటి రంధ్రం అమర్చి, దాని గుండా గ్యాస్ వదిలి, మంటగా కాల్చేస్తూ ప్రవాహాన్ని కొలుస్తారు. రాతిపొరలో సరుకు ఎంత దూరం పరుచుకుందో, నీరు ఎప్పుడు పైకి ఎక్కివస్తుందో ఆ కాసేపట్లో తేలదు.

2005 జూన్‌లో గుజరాత్ ప్రభుత్వ పెట్రోలియం సంస్థకు కాకినాడ ఎదుటి సముద్రంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని ప్రకటించారు. 2009లో అభివృద్ధి ప్రణాళికకు అనుమతి వచ్చేసరికి అది 2 లక్షల కోట్లకు లోపే తేలింది. 2017లో ఆ సంస్థ తన 80 శాతం వాటాను ఓఎన్‌జీసీకి అమ్మేసింది. పోనీ అనుమతి కాగితాన్నే నమ్ముదామా? రిలయన్స్ డీ6 బ్లాకులో 2002లో గ్యాస్ దొరికింది. 2006లో ఆమోదించిన ప్రణాళిక రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు చూపింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై, మరుసటి ఏడు 6 కోట్ల దాకా వెళ్లి, అక్కణ్నుంచి జారిపోయింది. 2020 ఫిబ్రవరిలో ప్రధాన క్షేత్రమే మూతపడింది.

నేల లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు, నీరూ ఇసుకా చేరితే ఎవరి తప్పు అని అడగవచ్చు. చాలినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, భూగర్భమే సహకరించలేదని రిలయన్స్ వాదించుకున్నాయి. నేల అంత అంతుచిక్కనిదే అయితే, ఒకే ఒక్క అంకెను నిశ్చయంగా చెప్పడమే మొదటి తప్పు. ఆ అంకెను నమ్మి బ్యాంకులు అప్పులిచ్చాయి. అలా కట్టిన వేమగిరి, గౌతమి విద్యుత్ కేంద్రాలు గ్యాస్ లేక ఏళ్ల తరబడి ఊరికే నిలబడ్డాయి. మరోపక్క 1987లో ఓఎన్‌జీసీ కనుగొన్న రవ్వ క్షేత్రం ఇంత హడావిడి లేకుండానే 1999 నుంచి ఏళ్లపాటు రోజుకు 50 వేల పీపాల చమురు ఇచ్చింది. దాని ఒప్పందాన్ని 2019 నుంచి మరో పదేళ్లు పొడిగించారు కూడా. ఇక పాశర్లపూడిలో 1995 జనవరి 8న బావిలోంచి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. కోనసీమ వాళ్లకు బావి ఫలితం అంటే ముందు గుర్తొచ్చేది అదే, ఏ ప్రకటనా కాదు.

2024 జనవరి 7న ఓఎన్‌జీసీ కాకినాడ తీరానికి దూరంగా, లోతు సముద్రంలోని 98/2 బ్లాకు నుంచి తొలి చమురు తీసింది. రోజుకు 45 వేల పీపాలు వస్తాయన్న అంచనా పత్రికల్లో మొదటి పేజీకెక్కింది. మూడేళ్లు నిండే నాటికి ఆ బావులు నిజంగా ఇస్తున్నదెంతో అంతే పెద్ద అక్షరాల్లో అచ్చు కావాలి.