కాయిల్‌కి మెలిక పెట్టిన ఇల్లాలు

సందెవేళ తలుపులు మూసి మంచం కింద వెలిగించే దోమల కాయిల్ ఒక పువ్వులోంచి పుట్టిందంటే నమ్ముతారా?

పైరెత్రం అని, చామంతి జాతి పువ్వు. తెల్ల రేకులు, పసుపు బొడ్డు. పుట్టిల్లు ఏడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున డాల్మేషియా, అంటే ఇప్పటి క్రొయేషియా తీరం. ఆ పూలు ఎండబెట్టి పొడికొట్టి నల్లులూ పురుగులూ రాకుండా ఇళ్లలో చల్లుకునేవారు. మనం బియ్యంలో వేపాకు వేసుకున్నట్టే.

1886లో ఆ విత్తనాలు ఒక అమెరికా వ్యాపారి ద్వారా జపాన్ చేరాయి. వకయామా ప్రాంతంలో నారింజ తోటల కుటుంబానికి చెందిన ఎయిచిరో ఉయెయామా వాటిని అందుకుని సాగు మొదలుపెట్టాడు. మొదట్లో పూలపొడిని నిప్పుల మీద వేసి పొగ పెట్టేవారు. ఎండాకాలం రాత్రి కుంపటి పక్కన ఎవరు పడుకుంటారు చెప్పండి? అందుకని 1890లో ఆయన అగరుబత్తిలాంటి పుల్ల తయారుచేశాడు. అది నలభై నిమిషాలకే అయిపోయేది. పొగ చాలక రెండు మూడు కలిపి వెలిగించాలి. ఇంతకీ నడిరాత్రి లేచి ఇంకోటి వెలిగించే పని ఎవరి మీద పడేదో వేరే చెప్పక్కర్లేదు కదా!

1895లో ఆయన భార్య యుకి ఒక మాట అంది: బత్తిని లావుగా, పొడుగ్గా చేసి చుట్ట చుట్టేస్తే పోలేదా అని. చుట్టుకుని పడుకున్న పామును చూసి ఆమెకు ఆ ఆలోచన వచ్చిందని కథ చెబుతారు. జంతికలు చుట్టే మనకైతే పాము కూడా అక్కర్లేదు లెండి. అది కుదిరి బజారుకొచ్చేసరికి 1902 అయింది. ఒక్క చుట్ట వెలిగిస్తే రాత్రి నిద్రకి సరిపోయేది.

ఆ మధ్యలోనే, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. యుకి ఆ మాట అన్ననాటికి దోమ నిద్ర చెడగొట్టే పురుగే తప్ప, మలేరియా మోసుకొచ్చేది అదేనని ఇంకా రుజువు కాలేదు.

తర్వాత పువ్వు కాయిల్‌లోంచి మెల్లగా తప్పుకుంది. 1949లో అమెరికాలో ఆ పూలమందుకి నకలుగా అల్లెత్రిన్ తయారైంది. ఇప్పుడు డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే అలాంటి పేర్లే కనిపిస్తాయి. మిగతాదంతా చాలావరకు కాలడానికి వేసే రంపపు పొట్టు, కొబ్బరి చిప్పల పొడి. 2003లో వచ్చిన ఒక పరిశోధన, ఒక కాయిల్ కాలితే వెలువడే సన్నని పొగ నలుసులు 75 నుంచి 137 సిగరెట్ల నలుసులకు సమానమని లెక్క తేల్చింది. తలుపులు బిగించిన గదిలో, చంటిపిల్ల పక్కన!

అలాగని వేపాకు పొగ మంచిదేనని గది నిండా పెట్టేయకండి. పొగ ఏ ఆకుదైనా పొగే. మన పెద్దవాళ్లు అది పెట్టింది ఎక్కువగా గాలాడే గొడ్లసావిట్లోనూ, పెరట్లోనూ. చంటిపిల్లలున్న గదికి నా ఓటు దోమతెరకే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి కూలర్ తొట్టి, కుండీల కింద పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే వారానికోసారి వంచేసి, గట్టిగా తోమి ఆరబెట్టండి. ఫ్రిజ్ వెనక ట్రేనే అందరం మర్చిపోయేది.