సీమ నీళ్ల చరిత్ర – 4: కాలవ వచ్చింది, వాడకు ఏమొచ్చింది?



సుస్థిర అభివృద్ధి మీద సెమినార్లకు పోయొచ్చిన విద్యార్థులు నన్ను అడుగుతుంటారు: "అన్నా, స్థానిక పరిస్థితులు అంటే ఏంది?" మన కేసీ కాలవ చరిత్ర చూస్తే అది అర్థమవుతుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టాలో పంట పెరిగింది, సర్కారుకు శిస్తూ పెరిగింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్, అదే దారి సీమకూ పనికొస్తుందని నమ్మినాడు. లండన్ పెట్టుబడితో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పుట్టింది. 10 లక్షల పౌన్ల మీద 5 శాతం వడ్డీకి సర్కారు హామీ ఇచ్చింది. 1860లలో సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా కాలవ తవ్వడం మొదలుపెట్టారు. పంట పండినా పండకపోయినా వాటాదారుకు వడ్డీ ఖాయం. ఇంక నేల గుణం తెలుసుకోవాల్సిన తొందర ఎవరికుంటుంది?

కర్నూలు, నంద్యాల వైపు చాలావరకు నల్లరేగడి. వాన పదును చాలాకాలం పట్టి ఉంచుతుంది. ఆ పదునుకే జొన్న, కొర్ర, పత్తి పండుతాయి. వరి పెట్టాలంటే మడులు చదును చేయాలి, ఎరువు తోలాలి, నీటితీరువా కట్టాలి. అందుకే చాలామంది రైతులు నీళ్లు తీసుకోలేదు. అది మొండితనం కాదు, లెక్క. కంపెనీ నష్టాల్లో పడింది. చివరికి 1882లో సర్కారే కాలవను కొనుక్కుంది.

అయితే రైతు లెక్కతోనే కథ అయిపోదు. 1876–78 ధాత కరువులో కాలవ నీళ్లకు గిరాకీ పెరిగింది. అయినా 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా చావులకు, వలసలకు సుమారు నాలుగోవంతు జనాన్ని పోగొట్టుకుంది. కాలవ నీళ్లు పొలానికి పోతాయి. పొలం లేని మాల మాదిగలకు ఆధారం కూలి. సేద్యం ఆగితే కూలి ఆగుతుంది, ధర పెరిగితే గింజ అందదు.

మా అవ్వ ఆ కాలవ కింద ఏళ్ల తరబడి వరి నాటింది. ఆమె పేరున సెంటు భూమి లేదు. అందుకే చెప్తున్నా: స్థానిక పరిస్థితి అంటే నేల, వాన మాత్రమే కాదు. ఊరు, వాడ కూడా.

రేపు మీ ఊరికి సోలార్ అనో, చిరుధాన్యాలనో, సహజ సాగనో ఏ పథకం వచ్చినా రెండు ప్రశ్నలు అడగండి. ఈ నేల గుణం ఎవరిని అడిగి రాశారు? ఈ నేల ఎవరి పేరున ఉంది?

వచ్చే భాగంలో ధాత కరువు పనుల కూలి గురించి మాట్లాడుకుందాం.