డెలివరీ నాటి ధర: ఒక షరతు పుట్టుపూర్వోత్తరాలు

మోటారు బండికి అడ్వాన్సు కట్టిన ప్రతివాడూ ఒక కాగితం మీద సంతకం పెడతాడు. ఆ కాగితం వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాల్లో, బండి అప్పగించే రోజున ఏ ధర ఉంటే ఆ ధరే చెల్లించాలి అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. కొన్ని నెలలు పోయాక బండి వచ్చిందని కబురొస్తుంది. దాంతోపాటే ఇంత అదనంగా కట్టాలన్న కబురూ వస్తుంది. కొనేవాడు పోట్లాడతాడు. డీలరు కాగితం తిప్పి చూపిస్తాడు. సాధారణంగా గొడవ అక్కడితో చల్లారిపోతుంది. అలా చల్లారిపోవలసిన అవసరం ఉందా?

ధర పెరగడం ఎండావానల లాంటిదని వ్యాపారి అంటాడు. మనలో చాలామంది నమ్ముతాం కూడా. 1930 నాటి వస్తు విక్రయ చట్టం మాత్రం అలా అనలేదు. ధరను ఒప్పందంలోనే ఖాయం చేసుకోవచ్చు, లేదా దాన్ని నిర్ణయించే పద్ధతినైనా ఒప్పుకోవచ్చు. ఈ రెండూ లేనప్పుడు కొనేవాడు ఇవ్వవలసింది న్యాయమైన ధర అని 9వ సెక్షన్ చెబుతుంది. మూడో మనిషి విలువ కట్టే ఒప్పందాల గురించి 10వ సెక్షన్ మాట్లాడుతుంది. మరి షోరూము కాగితంలో ఆ మూడో మనిషి ఎవరు? డీలరును అడిగితే కంపెనీ పెంచిందంటాడు. కంపెనీని అడిగితే మీ ఒప్పందం డీలరుతో అంటుంది. విలువ కట్టేవాడూ లాభపడేవాడూ ఒకే పక్షాన నిలబడ్డారన్న సంగతి ఈ దోబూచులాటలో కనపడకుండా పోతుంది.

పన్నుల విషయం వేరు. ఒప్పందం జరిగాక పన్ను పెరిగితే, వేరే షరతు లేనంతవరకు, అమ్మేవాడు ఆ మేరకు వసూలు చేసుకోవచ్చని 64-ఎ సెక్షన్ అంటుంది. పన్ను తగ్గితే కొనేవాడు ఆ మేరకు మినహాయించుకోవచ్చని కూడా అదే సెక్షన్ అంటుంది. ఈ రెండో సగాన్ని చదివి వినిపించిన డీలరును నేనింతవరకు చూడలేదు.

ఈ షరతుకు ఇంత బలం ఎక్కడినుంచి వచ్చింది? కొరత నుంచి. 1951 నాటి పరిశ్రమల చట్టం కింద ఎవరు ఎన్ని బండ్లు తయారుచెయ్యాలో లైసెన్సు నిర్ణయించేది. కార్లంటే హిందుస్థాన్, ప్రీమియర్, స్టాండర్డ్ అనే మూడు కంపెనీల పేర్లే వినిపించేవి. కొనేవాళ్లు ఎక్కువ, బండ్లు తక్కువ. అందుకే 1959లో కార్లకు, 1960లో స్కూటర్లకు పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. పోస్టాఫీసు పొదుపు ఖాతాలో డబ్బు వేసి, ఆ పాసుబుక్కును డీలరు దగ్గర హామీగా ఉంచి, వరస నంబరు తీసుకోవాలి. బజాజ్ స్కూటరు కోసం నిరీక్షణ పదేళ్ల దాకా సాగిన కాలమది. స్కూటరు అలాట్‌మెంటు కాగితం పెళ్లి బేరాల్లోకి కూడా ఎక్కింది! విదేశీ మారకద్రవ్యం చెల్లించగలిగినవాడికి మాత్రం అంత నిరీక్షణ అక్కరలేకపోయింది. హైదరాబాదులో ఆల్విన్ పుష్పక్ వచ్చినా ఆ వరస పెద్దగా కరగలేదు.

ఆ నియంత్రణ కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. నల్లబజారుకు నీళ్లు పోసిందీ ఆ కొరతే. కాని ఒక సంగతి గమనించాలి. 1969లో కేంద్ర ప్రభుత్వం కార్ల ధరలను చట్టబద్ధంగా నిర్ణయించింది. కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి. ఖర్చులెంత, పెట్టుబడి మీద రాబడి ఎంత ఉండాలి అనే లెక్కలను ఒక కమిషన్ తవ్వితీసింది. 1971లో తీర్పు వచ్చింది. ఆ వాదం కంపెనీలకూ ప్రభుత్వానికీ మధ్య నడిచిందే తప్ప, పాసుబుక్కు హామీ పెట్టి వరసలో నిలబడ్డ గుమాస్తా కోసం నడిచింది కాదు. అయినా ధర ఎందుకు పెరగాలో కంపెనీ ఎవరో ఒకరికి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. తర్వాత నియంత్రణ పోయింది, లెక్క అడిగేవాడూ పోయాడు. కాగితం వెనక వాక్యం మాత్రం పోలేదు.

1983లో మారుతి బుకింగులు మొదలైనప్పుడు పదివేల రూపాయల చొప్పున కట్టడానికి లక్షమందికి పైగా ముందుకొచ్చారు. బండి చూడకుండానే కట్టారు. జనం సొమ్ము కంపెనీ చేతిలో ఉంది, ఎప్పుడిస్తామన్నది కంపెనీ చేతిలో ఉంది, ఎంతకిస్తామన్నదీ కంపెనీ చేతిలోనే ఉంది. ఆలస్యం ఒకరిది, దాని ఖరీదు ఇంకొకరిది.

కార్ల సంగతి అటుంచి ట్రాక్టరును చూద్దాం. రైతుకు బ్యాంకు అప్పిచ్చేది డీలరు కొటేషన్ మీద. ఆ కొటేషన్‌కూ డెలివరీ ధరకూ మధ్య పెరిగిన తేడాను చాలాసార్లు ఊళ్లోని వడ్డీ వ్యాపారి దగ్గరే తేవాలి. 1994లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, హర్యానాలోని ఒక ప్రభుత్వరంగ సంస్థ దగ్గర ట్రాక్టరుకు డబ్బు కట్టినవాణ్ణి పక్కనపెట్టి, వరస తప్పించి ఇతరులకు బండ్లు ఇచ్చారు. ఈలోగా ధర పెరిగింది. కోర్టు కొనుగోలుదారు పక్షాన తీర్పు చెప్పింది. అక్కడ ప్రశ్న ధర పెరగడం గురించి మాత్రమే కాదు, ఆలస్యం ఎవరి మూలంగా జరిగిందన్నది.

1986 వినియోగదారుల చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం "అన్యాయమైన ఒప్పందం" అనే మాటకు నిర్వచనం ఇచ్చింది. కొనేవాడికి నష్టం కలిగించేలా మోపిన అసమంజసమైన షరతు అందులోకి వస్తుంది. అంటే చీమ తలకాయంత అక్షరాలను ఇప్పుడు ప్రశ్నించవచ్చు. కాని మెలిక చూడండి: సరుకు లోపాలపై ఫిర్యాదు జిల్లా కమిషన్‌కు ఇవ్వవచ్చు గాని, ఒప్పందమే అన్యాయమైనదంటే రాష్ట్ర కమిషన్ దాకా పోవాలి. నాలుగువేల తేడా కోసం శ్రీకాకుళం రైతు పోతాడా?

2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. చిన్న కార్లపై 28 నుంచి 18 శాతానికి, ట్రాక్టర్లపై 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ వారంలో మా వీధిలోని ఒకాయనతో కలిసి నేను ఒక షోరూముకు వెళ్లాను. అంతకుముందు బుక్ చేసిన కారు ఆయనది. పన్ను తగ్గినా, ఆ నెలలో ధర సవరించామని చెప్పి, తగ్గింపులో కొంత మింగేశారు. పన్ను ఎంత తగ్గింది, మూలధర ఎంత పెరిగింది, విడివిడిగా రాసి సంతకం పెట్టివ్వమని అడిగాం. గుమాస్తా కుర్రాడు మేనేజరు గదిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక, రాసివ్వడం కుదరదు గాని మూలధర పాతదే వేస్తామన్నాడు.