మీటల కింది మురికి చరిత్ర

మీ కీబోర్డుని ఒకసారి తిరగేసి బల్ల మీద మెల్లగా తట్టి చూడండి. కారప్పూస ముక్కలు, జంతికల పొడి, రెండు మూడు వెంట్రుకలు, ఎప్పుడు కొరికామో గుర్తులేని గోరు ముక్క... మన ఉద్యోగ చరిత్రంతా జలజలా రాలుతుంది. సరే, దీన్ని శుభ్రం చేద్దాం అని ఎవర్నైనా అడిగితే ఒకాయన కుళాయి కింద పెట్టి కడిగెయ్యమంటాడు, ఇంకొకాయన నీటిచుక్క తగిలితే గోవిందా అంటాడు. తమాషా ఏంటంటే ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కాకపోతే వేర్వేరు రకాల కీబోర్డుల గురించి. అంచేత ముందు కొంచెం చరిత్ర చూడాలి.

ఇప్పుడు మనం కొడుతున్న క్వెర్టీ మీటల వరస షోల్స్ తయారుచేసిన టైపు మిషనుది. 1874లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. టైపు మిషనుకి శుభ్రం చెయ్యడం అనేది విడిగా ఒక పని కాదు, టైపు నేర్చుకోవడంలోనే ఒక భాగం. రిబ్బను సిరా, నూలు పీచు కలిసి ఇంగ్లీషు 'ఓ', 'ఇ', 'ఎ' అక్షరాల బొజ్జల్లో ఇరుక్కునేవి. కాగితం మీద అక్షరం బదులు నల్ల చుక్క పడేది. గట్టి బ్రష్షుతో రుద్దితే పోయేది. మన ఊళ్ళలో లోయర్, హయ్యర్ పరీక్షలకి వెళ్ళినవాళ్ళకి ఆ బ్రష్షూ, సాయంత్రం మిషను మీద కప్పే ముసుగూ బాగా గుర్తుండే ఉంటాయి. నాకు అన్నిటికంటే నచ్చే విషయం ఇంకోటుంది: రబ్బరుతో తప్పు చెరిపేటప్పుడు క్యారేజీని పక్కకి జరపమని నేర్పేవారు, రబ్బరు పొడి మిషను కడుపులో పడకుండా! అంటే మురికి వదిలించడం కాదు, అసలు పడకుండా చూడటం. మెకానిక్ వచ్చి విప్పి, కిరసనాయిలుతో కడిగి, నూనె వేసి వెళ్ళేవాడు. ఎలక్ట్రానిక్స్ లేవు కాబట్టి కడిగినా భయం లేదు.

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. దాని కీబోర్డుని ఇప్పుడు మోడల్ ఎఫ్ అంటారు. నాలుగేళ్ళ తరవాత మోడల్ ఎం వచ్చింది. రెండు కిలోలకి పైగా బరువు, దొంగ వస్తే దాంతో కొట్టొచ్చు. ఇందులో చాలావాటికి మీట రెండు ముక్కలుగా ఉండేది. అక్షరం ఉన్న పై టోపీ చేత్తో లాగితే వచ్చేస్తుంది, కింది ముక్క స్ప్రింగు మీద అలాగే ఉంటుంది. టోపీలన్నీ పీకి గోరువెచ్చని సబ్బునీళ్ళలో వేసి కడిగి, పూర్తిగా ఆరాక మళ్ళీ పెట్టుకోవచ్చు. 1990లలో వచ్చిన రకాల్లో కాఫీ ఒలికితే బయటికి పోవడానికి లోపల కాలవలు కూడా పెట్టారు. అంటే కీబోర్డు ముందు కూర్చునేవాడు తింటాడు, తాగుతాడు, ఒలకబోస్తాడు అని ఆ ఇంజనీర్లు ముందే ఒప్పేసుకున్నారన్నమాట. (అలాగని మరీ లోపలికి వెళ్ళకండి. వెనక ఇనప పలకని ప్లాస్టిక్ రివెట్లతో బిగించారు, అవి విరిగితే మళ్ళీ అతకవు.)

ఇదే కాలంలో ఇంకో దారి కూడా ప్రయత్నించారు. 1979లో వచ్చిన అటారీ 400కి మీటలే లేవు, నున్నటి పలక మీద గళ్ళు గీసి ఉండేవి. పిల్లలు తింటూ ఆడుకున్నా తుడిచేస్తే పోవాలని. తుడవడం తేలికే గానీ దాని మీద టైపు చెయ్యడం నరకం. శుభ్రానికీ సుఖానికీ పొసగదని అప్పుడే తేలిపోయింది.

తరవాత ఇల్లిల్లూ నింపింది మాత్రం రబ్బరు బుడిపెల కీబోర్డు. మీట కింద రబ్బరు బుడిపె, దాని కింద మూడు ప్లాస్టిక్ పొరలు. పై పొరకీ కింది పొరకీ వెండి పూతతో గీసిన తీగలు, మధ్య పొరకి బెజ్జాలు. మీట నొక్కితే బెజ్జంలోంచి రెండూ తాకుతాయి. అంతే, ఇంతకన్నా చవగ్గా చెయ్యలేరు. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. నీళ్ళు పొరల మధ్యకి పాకితే ఒక పట్టాన ఆరవు, ఈలోగా వెండి గీతలు చివికిపోతాయి. "కడిగాను, రెండ్రోజులు పనిచేసింది, తరవాత కొన్ని మీటలు చచ్చిపోయాయి" అనేవాళ్ళ కథ ఇదే. పైగా ఐదొందల లోపు వస్తువు కదా, పాడైతే కొత్తది కొనుక్కోవచ్చులే అని శుభ్రం చేసే విద్యనే మర్చిపోయాం. 2008లో లండన్‌లో విచ్ అనే వినియోగదారుల పత్రిక ఒక ఆఫీసులో 33 కీబోర్డులు పరీక్ష చేయిస్తే, నాలుగు ఆరోగ్యానికి ప్రమాదకరమని తేలాయి. ఒకదాని మీదైతే టాయిలెట్ సీటు మీద కన్నా ఐదు రెట్లు ఎక్కువ క్రిములు!

ఈ రకాన్ని ఇంట్లో శుభ్రం చెయ్యాలంటే ముందు వైరు పీకెయ్యండి. ఒక ఫోటో తీసుకోండి, లేకపోతే చివర్లో మీటలు ఎక్కడివక్కడ పెట్టలేక గంట కూర్చుంటారు. మామూలు మీటల్ని మాత్రమే పీకి కడగండి. స్పేస్ బార్, ఎంటర్ కింద ఇనప తీగ ఉంటుంది, వాటి జోలికి పోకపోతే మంచిది. పళ్ళెంలో మిగిలిన దుమ్ముకి పొడి పెయింటు బ్రష్షు చాలు. జిడ్డుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ మీద వేసుకుని తుడవాలి, కీబోర్డు మీద పొయ్యకూడదు. గోళ్ళ రంగు తీసే ఎసిటోన్ మాత్రం వద్దు, చాలా మీటలకి వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ దానికి కరిగిపోతుంది. ఆరడానికి నీడ చాలు, రోహిణీ కార్తె ఎండలో పెడితే మీటలు వంకర తిరుగుతాయి.

ఇక ల్యాప్‌టాప్. 2015లో యాపిల్ తన మ్యాక్‌బుక్‌కి సీతాకోకచిలుక పేరు పెట్టి చాలా పల్చటి మీటలు పెట్టింది. ఎంత పల్చనంటే, చిన్న నలుసు దూరినా మీట నొక్కుకోదు, లేదా ఒకసారి నొక్కితే రెండక్షరాలు పడతాయి. దానికి కంపెనీ చెప్పిన వైద్యం ల్యాప్‌టాప్‌ని 75 డిగ్రీల కోణంలో పట్టుకుని గాలి డబ్బాతో అడ్డంగా ఊదమని! ఏటవాలుగా పట్టుకుని దేవుడికి హారతి ఇచ్చినట్టు ఊదాలి. అది పని చెయ్యకపోతే చాలాసార్లు బ్యాటరీతో సహా పై భాగమంతా మార్చాల్సి వచ్చేది. 2018లో ఉచితంగా బాగుచేసే పథకం పెట్టారు, 2019 చివర్లో పాత కత్తెర మీటలకి తిరిగొచ్చారు, 2022లో కోర్టు కేసు 5 కోట్ల డాలర్లకి రాజీ చేసుకున్నారు. రబ్బరు పొడి పడకుండా క్యారేజీ జరిపిన కాలం నుంచి, బ్రెడ్డు నలుసు కోసం బ్యాటరీ మార్చే కాలానికి వచ్చామన్నమాట. దీన్ని ప్రగతి అనడానికి నాకు నోరు రాదు.

2020లో ఆఫీసులు ఇళ్ళలోకి వచ్చేసరికి తుడిచే హౌస్‌కీపింగ్ వాళ్ళూ లేకపోయారు, కీబోర్డు భోజనాల బల్ల ఎక్కింది. ఆ మార్చిలోనే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైపుతో కీబోర్డు పైన తుడవొచ్చని యాపిల్ తన సూచనల్లో చేర్చింది. ల్యాప్‌టాప్‌కి మనం చెయ్యగలిగింది దాదాపు అంతే: ఆపేసి, ఛార్జర్ తీసి, తడి పిండేసిన గుడ్డతో పైపైన తుడవడం, కెమెరా లెన్సుకి వాడే రబ్బరు బుడ్డితో ఊదడం. గాలి డబ్బా వాడితే నిటారుగానే పట్టుకోండి, తలకిందులు చేస్తే గడ్డకట్టేంత చల్లటి ద్రవం చిమ్ముతుంది. మీటలు పీకొద్దు, కింద కత్తెర ముక్కలు అగ్గిపుల్లల కన్నా తేలిగ్గా విరుగుతాయి.

టీ ఒలికితే సేవ్ చెయ్యడం గురించి ఆలోచించకుండా వెంటనే ఆపేసి, ఛార్జర్ పీకి, మీటలు కిందికి వచ్చేలా తిరగేసి పెట్టండి. బియ్యం డబ్బాలో పాతిపెట్టొద్దు, పిండి దుమ్ము ఫ్యాన్‌లోకి పోవడం తప్ప ఉపయోగం లేదు. ఆరాక పనిచేసినా సరే విప్పించండి, పాలూ పంచదారా లోపల మెల్లగా తినేస్తూ ఉంటాయి. రిపేరు షాపులో "కొంచెం నీళ్ళు పడ్డాయండీ" అనకుండా టీ అనే చెప్పండి. ఆయన బోర్డు కడిగే పద్ధతి దాన్నిబట్టే ఉంటుంది.