కొత్త ఇంటర్నెట్ పెట్టించుకున్నా రావట్లేదా? లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోండి

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గల్లీల్లో ఏ కరెంటు స్తంభం చూసినా నల్ల కేబుళ్లు చుట్టలు చుట్టలుగా వేలాడుతుంటాయి. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఉండే హాస్టళ్లకు, ఒక్కో అంతస్తులో మూడు నాలుగు వాటాలున్న బిల్డింగులకు, కింది దుకాణాలకు ఇంటర్నెట్ వచ్చేది చాలావరకు ఆ చుట్టల్లోంచే. పంజాగుట్ట వైపు ద్వారకాపురి కాలనీ, మోడల్ హౌస్ చుట్టుపక్కల కూడా ఇంతే. ఇక్కడ కిరాయి ఇల్లు మారితే నెట్ కనెక్షన్ కూడా కొత్తగా పెట్టించుకోవాల్సిందే.

కొత్త కనెక్షన్ పెట్టిన మొదటి వారంలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు "నెట్ రావట్లేదు" అన్నదే. ఆ ఒక్క మాట వెనుక కారణాలు మాత్రం చాలా ఉంటాయి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటారు. మళ్లీ చేస్తే రేపు మనిషిని పంపిస్తామంటారు. ఈలోగా ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉన్న అభ్యర్థికి, ఇంటి నుంచి పని చేసే ఉద్యోగికి నష్టం జరిగిపోతుంది. లోపం ఏ భాగంలో ఉందో ముందే తెలిస్తే ఫోన్‌లో సూటిగా చెప్పొచ్చు, కంపెనీ కూడా తప్పించుకోలేదు.

మూడు భాగాలుగా చూడాలి

ఇంటి ఇంటర్నెట్‌ను మూడు భాగాలుగా విడదీసి చూస్తే సగం పని అయినట్టే. మొదటిది స్తంభం నుంచి ఇంట్లోని డబ్బా దాకా వచ్చే లైను. రెండోది ఆ డబ్బాలోని సెట్టింగులు, కంపెనీ లాగిన్, ప్లాన్. మూడోది డబ్బా నుంచి ఫోన్, ల్యాప్‌టాప్ దాకా ఉండే వైఫై. మొదటి రెండూ కంపెనీ బాధ్యత. మూడోది చాలావరకు ఇంట్లోవాళ్లే సరిచేసుకోవచ్చు.

తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. డబ్బా వెనుక ఉన్న లాన్ పోర్టుకు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా కలపాలి. కేబుల్‌తో నెట్ బాగా వచ్చి వైఫైలో రాకపోతే లోపం వైఫైది. కేబుల్‌తో కూడా రాకపోతే అది లైనుదో లాగిన్‌దో అయి ఉంటుంది.

డబ్బా మీది లైట్లు ఏం చెబుతాయి

ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే డబ్బాను ఓఎన్‌టీ అంటారు. దాని మీద సాధారణంగా పవర్, పీఓఎన్, ఎల్‌ఓఎస్, ఇంటర్నెట్, వైఫై అనే లైట్లు ఉంటాయి. పీఓఎన్ లైటు ఆకుపచ్చగా నిలకడగా వెలిగితే డబ్బా కంపెనీ ఎక్స్ఛేంజీతో కలిసినట్టు. అది ఆరుతూ వెలుగుతూ ఉంటే కలవడానికి ఇంకా ప్రయత్నిస్తోందని అర్థం. ఎల్‌ఓఎస్ ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో వెలుతురు డబ్బా దాకా రావడం లేదు. అప్పుడు ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు. "ఎల్‌ఓఎస్ రెడ్ ఉంది" అని ఫిర్యాదులో రాయించండి.

అసలు ఏ లైటూ వెలగకపోతే ముందు అడాప్టర్ చూడాలి. చాలా డబ్బాలకు 12 వోల్టుల అడాప్టర్ ఇస్తారు. ఇంట్లో ఉన్న వేరే అడాప్టర్ పిన్ను సరిపోయింది కదా అని పెడితే డబ్బా మాటిమాటికీ ఆగిపోవచ్చు, పాడైపోవచ్చు కూడా.

ఎర్ర లైటు వెలిగితే

ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు తీగ. తలుపు సందులో నలిగినా, మేకు కింద గట్టిగా బిగిసినా, మూల దగ్గర మరీ వంచినా వెలుతురు బయటికి కారిపోతుంది. మామూలు ఫైబర్‌ను 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే ఇరుకుగా వంచకూడదు. ఇళ్లలో వాడేందుకు చేసిన కొత్త రకాలు 10, 7.5 మిల్లీమీటర్ల దాకా తట్టుకుంటాయి. ఏ రకమో తెలియనప్పుడు టీ గ్లాసు చుట్టుకొలత కంటే చిన్న చుట్ట చుట్టకపోవడమే మంచిది.

తర్వాత కనెక్టర్. ఫైబర్ కొసన ఆకుపచ్చ కనెక్టర్ ఉంటే దాని ముఖం 8 డిగ్రీలు వాలుగా కోసి ఉంటుంది. నీలం కనెక్టర్ ముఖం వాలుగా ఉండదు. ఈ రెండింటినీ కలిపితే లోపలికి పోతాయి కానీ సిగ్నల్ దెబ్బతింటుంది. హడావిడిగా బిగించి వెళ్లిపోయినచోట ఈ తప్పు జరుగుతుంది. కనెక్టర్‌ను కంటి దగ్గర పెట్టుకుని చూడకూడదు. అందులో వచ్చే కిరణం కంటికి కనబడదు, హాని మాత్రం చెయ్యగలదు.

డబ్బాకు అందుతున్న వెలుతురు ఎంతో టెక్నీషియన్ దగ్గరున్న పవర్ మీటర్ చెబుతుంది. సాధారణ జీపాన్ లైనులో అది మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 26, 27 దగ్గర ఉంటే ఇవాళ పనిచేసినా రేపు కనెక్టర్‌లో కాస్త దుమ్ము పడితే ఆగిపోవచ్చు. మైనస్ 20 చుట్టుపక్కల వస్తే నిశ్చింత. ఆ అంకెను రాసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

లైట్లు బాగున్నా నెట్ రాకపోతే

పీఓఎన్ ఆకుపచ్చగా ఉండి ఇంటర్నెట్ లైటు వెలగకపోతే లైను బాగున్నట్టే, లాగిన్ కాలేదు. కొన్ని కంపెనీలు పీపీపీఓఈ అనే పద్ధతిలో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తాయి. అవి డబ్బాలో తప్పుగా పడినా, ఖాతా ఇంకా యాక్టివేట్ కాకపోయినా ఇలాగే ఉంటుంది. కొన్ని కంపెనీలు రౌటర్ మ్యాక్ నంబరును ఖాతాకు ముడిపెడతాయి. సొంత రౌటర్ కొని పెట్టిన రోజే నెట్ ఆగిపోయిందంటే కారణం ఇదే కావచ్చు. కొత్త మ్యాక్ నంబరు ఎక్కించమని కస్టమర్ కేర్‌కు చెబితే సరిపోతుంది.

వాట్సాప్ వస్తూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్‌ను అనుమానించాలి. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో డీఎన్‌ఎస్ చిరునామా 8.8.8.8 లేదా 1.1.1.1 అని మార్చి చూస్తే తేలిపోతుంది.

దుకాణదారులకు ఇంకో చిక్కు ఉంది. నెట్ బాగానే ఉంటుంది, సీసీ కెమెరా మాత్రం బయటి నుంచి కనబడదు. చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది కస్టమర్లకు పంచుతాయి. రౌటర్ పేజీలో బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే అదే సంగతి. అప్పుడు క్లౌడ్ యాప్‌తో చూసే కెమెరా అయినా వాడాలి, లేదంటే అదనపు డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ అయినా తీసుకోవాలి.

స్పీడు తక్కువ వస్తే

ముందు లెక్క సరిచూసుకోవాలి. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో కనబడేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు సుమారు 12 ఎంబీ దిగితే అది పూర్తి స్పీడే.

200 ప్లాన్ తీసుకున్నా కేబుల్‌తో పరీక్షిస్తే 94, 95 దగ్గరే ఆగిపోతోందంటే మధ్యలో ఎక్కడో 100కే పరిమితమైన పోర్టు ఉంది, లేదా లాన్ కేబుల్‌లో ఒక తీగ కలవలేదు. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని 8 తీగలూ కలవాలి, 100కు నాలుగు చాలు. మంచి కేబుల్ మార్చి చూస్తే తెలిసిపోతుంది.

మొదట్లో వేగంగా ఉండి నెలాఖరుకు నత్తనడక నడిస్తే ప్లాన్ షరతులు చదవాలి. "అన్‌లిమిటెడ్" అని రాసినా ఒక పరిమితి దాటాక స్పీడు తగ్గించే షరతు ఉంటుంది. మన దేశంలో 2023 జనవరి నుంచి బ్రాడ్‌బ్యాండ్ అని పిలవాలంటే కనీస డౌన్‌లోడ్ వేగం 2 ఎంబీపీఎస్ ఉండాలి.

గోడ అవతలి వైఫై

హాస్టళ్లున్న గల్లీలో ఫోన్ తెరిస్తే ముప్ఫై, నలభై వైఫై పేర్లు కనబడతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డు రాని చానళ్లు 1, 6, 11 మాత్రమే. ఇన్ని రౌటర్లు ఆ మూడింటి మీదే పడితే కంపెనీ ఎంత స్పీడు ఇచ్చినా గదిలోకి రాదు. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ, కానీ గోడలు దాటే శక్తి తక్కువ. అందుకే డబ్బాను తలుపు పక్క మూలలో, ఇనుప బీరువా వెనుక కాకుండా పని చేసే గదికి దగ్గరగా, ఎత్తులో పెట్టించండి. ఇంటర్వ్యూ రోజు మాత్రం వైఫైని నమ్ముకోకుండా కేబుల్ పెట్టుకోవడం మంచిది.

స్తంభాల మీది కేబుళ్లు

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ నగరంలో స్తంభాల మీద ఉన్న కేబుళ్లను తొలగించడం మొదలుపెట్టింది. చాలా ప్రాంతాల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. ఎయిర్‌టెల్ హైకోర్టుకు వెళ్లింది. ఇంట్లో డబ్బా ఎంత బాగున్నా బయటి దారి సరిగా లేకపోతే నెట్ ఎప్పుడైనా పోవచ్చని నగరవాసులకు అప్పుడు తెలిసొచ్చింది.

ఫైబర్‌లో కరెంటు ఉండదు. కానీ దాన్ని మోయడానికి పక్కనే వేసే ఉక్కు తీగ కరెంటు వైరుకు తగిలితే అందులోకి కరెంటు వస్తుంది. తెగి వేలాడుతున్న కేబుల్‌ను చేత్తో పట్టుకోవద్దు, డాబా మీది నుంచి లాగొద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. విద్యుత్ సంస్థ హెల్ప్‌లైన్ 1912కు, నెట్ కంపెనీకి ఇద్దరికీ చెప్పాలి.

మనిషి వెళ్లిపోకముందే

కనెక్షన్ పెట్టిన టెక్నీషియన్ ఇంట్లో ఉండగానే నాలుగు పనులు చేయించుకోవాలి. కేబుల్‌తో స్పీడు పరీక్ష చేయించి ఫొటో తీసుకోవాలి. సిగ్నల్ డీబీఎం రాసుకోవాలి. లాగిన్ వివరాలు అడిగి తీసుకుని వైఫై పాస్‌వర్డ్‌తో పాటు డబ్బా అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చుకోవాలి. డబ్బాకు డిపాజిట్ కడితే రసీదు, తిరిగిచ్చే షరతు రాతలో తీసుకోవాలి.

డబ్బు లెక్క కూడా ముందే వేసుకోవాలి. ప్లాన్ ధర మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. నెలకు 499 రూపాయలంటే చేతి నుంచి పోయేది దాదాపు 589. ఆరు నెలలు ఒకేసారి కడితే సుమారు 3,533 రూపాయలు. బిల్డింగులో లైను ఎలా ఉంటుందో తెలియకుండా, ఇల్లు ఎన్నాళ్లుంటుందో తేలకుండా ఆరు నెలల అడ్వాన్సు కట్టడం కంటే మొదటి నెల చూసి కట్టడం మేలు.

ఫిర్యాదు ఎలా నడపాలి

గల్లీలో తిరిగే లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే పని త్వరగా అవుతుందేమో కానీ రికార్డు ఉండదు. అందుకే కస్టమర్ కేర్‌కు కూడా చెప్పి డాకెట్ నంబరు తీసుకోవాలి. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఫిర్యాదు పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారి దగ్గరకు 30 రోజుల్లోగా వెళ్లొచ్చు. ఆ అప్పీలును 39 రోజుల్లోగా తేల్చాలి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును తానే విచారించదు.

అక్కడా పని కాకపోతే కేంద్ర ప్రభుత్వ ప్రజా ఫిర్యాదుల పోర్టల్‌లో టెలికాం శాఖకు రాయొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

ఏ దారిలో వెళ్లినా అడిగేవి అవే: డాకెట్ నంబరు, తేదీలు, రసీదు, లైట్ల ఫొటో, కేబుల్‌తో చేసిన స్పీడు పరీక్ష. మొదటి రోజు నుంచే ఇవన్నీ ఫోన్‌లో ఒకచోట దాచి పెట్టుకుంటే "మా లైను బాగానే ఉంది, మీ ఫోన్‌లోనే ఏదో ఉంది" అన్న మాటకు జవాబు చేతిలోనే ఉంటుంది.