బ్రోకరు రుసుము (న్యూయార్క్ నగరం)

అద్దె ఇల్లు కుదిర్చినందుకు మధ్యవర్తికి ఇచ్చే ప్రతిఫలమును బ్రోకరు రుసుము అంటారు. తెలుగునాట దీనిని బ్రోకరు కమీషను అని వ్యవహరిస్తారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ నగరంలో ఇంటి యజమాని నియమించుకొన్న బ్రోకరుకు సైతం అద్దెకు దిగేవారే రుసుము చెల్లించే ఆనవాయితీ చాలాకాలం కొనసాగినది. 2025 జూన్ 11న అమలులోకి వచ్చిన ఫేర్ చట్టం దీనిని మార్చి, బ్రోకరును ఎవరు నియమించుకొంటే వారే రుసుము భరించాలని నిర్దేశించినది.

నేపథ్యము

న్యూయార్క్ నగర కుటుంబాలలో సుమారు మూడింట రెండు వంతులు అద్దె ఇళ్లలోనే నివసిస్తున్నాయి. 2023 గృహ సర్వే ప్రకారం నగరంలోని అద్దె ఇళ్లలో ఖాళీగా ఉన్నవి 1.41 శాతం మాత్రమే. 1968 తరువాత ఇంత తక్కువ శాతం నమోదు కాలేదు. ఇళ్ల కొరత ఇంత తీవ్రంగా ఉన్నచోట బేరమాడే శక్తి ఇల్లు వెదికేవారికి ఉండదు. అందువలన యజమాని పని చేసిపెట్టిన బ్రోకరుకు కూడా వారే డబ్బు ఇవ్వవలసి వచ్చేది.

రుసుము సాధారణంగా ఒక నెల అద్దె మొదలు సంవత్సరపు అద్దెలో 15 శాతం వరకు ఉండేది. ఉదాహరణకు నెలకు 3,000 డాలర్ల ఇంటికి 15 శాతం చొప్పున రుసుము 5,400 డాలర్లు అవుతుంది. మొదటి నెల అద్దె, ఒక నెల అద్దెకు సమానమైన ధరావతు కలిపితే ఇంట అడుగు పెట్టకముందే 11,400 డాలర్లు సమకూర్చుకోవాలి. ధరావతు తిరిగి వస్తుంది కాని రుసుము రాదు.

2020 నాటి ప్రయత్నము

2019లో న్యూయార్క్ రాష్ట్రం కిరాయిదారుల రక్షణకు ఒక చట్టం చేసి, ధరావతును ఒక నెల అద్దెకు పరిమితం చేసినది. ఈ చట్టం ప్రకారం యజమాని తరఫు బ్రోకరు కిరాయిదారు నుండి రుసుము తీసుకోరాదని 2020 ఫిబ్రవరిలో రాష్ట్ర అధికార శాఖ వివరణ ఇచ్చినది. స్థిరాస్తి వ్యాపార సంఘాలు న్యాయస్థానమును ఆశ్రయించగా, కొద్ది రోజులలోనే దాని అమలు నిలిచిపోయినది. 2021లో న్యాయస్థానం ఆ వివరణను కొట్టివేసినది.

ఫేర్ చట్టము

నగర మండలి సభ్యుడు చీ ఓసే ప్రతిపాదించిన ఈ బిల్లును మండలి 2024 నవంబరు 13న 42-8 ఓట్లతో ఆమోదించినది. మేయరు ఎరిక్ ఆడమ్స్ దానిపై సంతకం చేయలేదు, తిరస్కరించనూ లేదు. గడువు తీరిన పిదప అదే చట్టమైనది. దీనిలోని ముఖ్యాంశాలు:

* యజమాని అనుమతితో ఇంటిని ప్రకటించిన బ్రోకరును యజమాని తరఫు వ్యక్తిగానే పరిగణిస్తారు. అతడు కిరాయిదారు నుండి రుసుము తీసుకోరాదు.
* కిరాయిదారు చెల్లించవలసిన రుసుములన్నిటినీ ప్రకటనలోనూ, అద్దె ఒప్పందంలోనూ తెలియజేయాలి.
* కిరాయిదారు తనకై బ్రోకరును నియమించుకొంటే ఆ రుసుమును తానే చెల్లించాలి.
* ఉల్లంఘించినవారికి జరిమానా విధిస్తారు.

రియల్ ఎస్టేట్ బోర్డ్ ఆఫ్ న్యూయార్క్ సంస్థ ఈ చట్టమును ఫెడరల్ న్యాయస్థానంలో సవాలు చేసినది. అమలును నిలుపుటకు న్యాయమూర్తి 2025 జూన్ 10న నిరాకరించగా, మరుసటి రోజు చట్టం అమలులోకి వచ్చినది.

వాదోపవాదాలు

యజమానులు ఈ ఖర్చును అద్దెలోనే కలుపుతారనునది విమర్శకుల ప్రధాన వాదన. పై ఉదాహరణలోని 5,400 డాలర్లను 12 నెలలకు పంచితే నెలకు 450 డాలర్లు అవుతుంది. పెరిగిన అద్దె తరువాత కూడా తగ్గకపోతే, అదే ఇంట్లో ఎక్కువ కాలం ఉన్నవారు పాత రుసుము కంటే ఎక్కువ చెల్లించినట్లవుతుంది.

దీనికి సమర్థకులు రెండు సమాధానాలు చెబుతారు. మొదటిది, ఒకేసారి పెద్ద మొత్తం తేలేనివారు ఇల్లు మారనేలేరు. రెండవది, రుసుము ఇచ్చేవాడే బ్రోకరును ఎంచుకొంటే అతడు ధర బేరమాడగలడు, లేదా బ్రోకరు లేకుండానే పని జరుపుకోగలడు. అదీగాక, అద్దె నియంత్రణలో ఉన్న సుమారు 10 లక్షల ఇళ్లలో యజమానులు చట్టబద్ధమైన పరిమితిని మించి అద్దె పెంచలేరు.

ఇతర ప్రాంతాలలో

జర్మనీలో 2015 జూన్ 1 నుండి, మసాచుసెట్స్ రాష్ట్రంలో 2025 ఆగస్టు 1 నుండి నియమించుకొన్నవారే చెల్లించే పద్ధతి అమలులో ఉన్నది. ఇంగ్లండులో 2019 నాటి చట్టం కిరాయిదారులపై విధించే ఏజెంట్ల రుసుములలో అధిక భాగమును నిషేధించినది.